కుక్కపిల్లకు తిండే జీతం: ఎంత పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, దాంతో ఏం నేర్పాలి

రెండు నెలల ల్యాబ్రడార్ పిల్ల రోజుకు రెండొందల గ్రాములకు కాస్త తక్కువగా డ్రై ఫుడ్ తింటుంది. గింజల లెక్కన చూస్తే అవి కొన్ని వందలు. చాలా ఇళ్లలో ఆ గింజలన్నీ పొద్దున్నే ఒక స్టీలు గిన్నెలో పోసి వరండాలో పెట్టేస్తారు. పిల్ల అటు వెళ్లినప్పుడల్లా నాలుగు గింజలు కొరికి వస్తుంది. సాయంత్రం ట్రీట్ ప్యాకెట్ పట్టుకుని "సిట్, సిట్" అంటే మొహం తిప్పేసుకుంటుంది. దీనికి తెలివి తక్కువ అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. దానికి తెలివి తక్కువేం కాలేదు, ఆకలి లేదు, అంతే. ఊరికే దొరికేదాని కోసం ఎవరూ కష్టపడరు.

కింద ఇచ్చే లెక్కలన్నీ రెండు నెలల, ఐదు కిలోల ల్యాబ్ పిల్లకు. పొమరేనియన్‌కు, నాటు పిల్లకు తేడా వచ్చేచోట ఆ మాట విడిగా చెబుతాం. ఒక్క విషయం ముందే: ఎనిమిది వారాలు నిండని పిల్లను తెచ్చుకోవద్దు. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఆ వయసు లోపు పిల్లను అమ్మకూడదు కూడా. తల్లితో, తోటి పిల్లలతో పెనుగులాడుతూ గడిపే ఆ వారాల్లోనే తన పళ్లు ఎదుటివాళ్లకు ఎంత నొప్పి పెడతాయో దానికి తెలిసివస్తుంది. ఆ పాఠం తప్పిన పిల్లకు చేతిలోంచి తిండి మెల్లగా తీసుకోవడం నేర్పడానికే చాలా రోజులు పడుతుంది.

ముందు తూకం

వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి కొనండి. గ్లాసుతో, గుప్పెడుతో కొలిస్తే కొలిచే మనిషిని బట్టి తిండి మారిపోతుంది.

పిల్లకు రోజుకు ఎన్ని కేలరీలు కావాలో ఫోన్ క్యాలిక్యులేటర్‌తో మీరే చూసుకోవచ్చు. బరువును కిలోల్లో తీసుకుని మూడుసార్లు గుణించండి (5 × 5 × 5 = 125). వర్గమూలం గుర్తును రెండుసార్లు నొక్కండి, 3.34 వస్తుంది. దాన్ని 70తో గుణిస్తే 234. ఇది కదలకుండా పడుకున్నా ఒంటికి పట్టే ఖర్చు. నాలుగు నెలల లోపు పిల్లకు దీనికి మూడు రెట్లు, నాలుగు నెలలు దాటాక రెండు రెట్లు కావాలి. అంటే మన ల్యాబ్ పిల్లకు దాదాపు 700 కేలరీలు. కిలో బరువున్న పొమరేనియన్ పిల్లకు 210, మూడు కిలోల నాటు పిల్లకు 480. ఇది మొదలుపెట్టడానికి ఒక అంకె మాత్రమే. ఆ తరువాత పక్కటెముకలు చెప్పిందే లెక్క, దాని సంగతి తరువాత చూద్దాం.

పప్పీ డ్రై ఫుడ్‌లో నూరు గ్రాములకు ఎన్ని కేలరీలో ప్యాకెట్ వెనక చూడండి. చాలావాటిలో 350 నుంచి 400 మధ్య ఉంటుంది. 370 అనుకుంటే 700 కేలరీలకు 190 గ్రాములు. ఇందులో పదోవంతు, అంటే 70 కేలరీలు మాత్రమే బయటి రుచులకు కేటాయించాలి. అంతకు మించితే పోషకాల సమతూకం దెబ్బతింటుంది. తోలు తీసి ఉడికించిన చికెన్ బ్రెస్ట్ నూరు గ్రాములకు 165 కేలరీలు ఇస్తుంది కాబట్టి 70 కేలరీలకు 40 గ్రాములు వస్తుంది. దాన్ని శనగగింజంత ముక్కలుగా కోస్తే ఎనభై దాకా అవుతాయి. చాలామందికి నమ్మకం కుదరనిది ఈ సైజు దగ్గరే. పిల్ల ముక్క ఎంత పెద్దదో చూడదు, ఎన్నిసార్లు వచ్చిందో చూస్తుంది. పెద్ద ముక్క పెడితే నమలడానికి పది సెకన్లు పోతాయి, ఈలోగా దేనికి మెచ్చుకున్నారో అది మరిచిపోతుంది.

చికెన్‌కు 70 కేలరీలు పోతే డ్రై ఫుడ్‌కు మిగిలేవి 630, అంటే 170 గ్రాములు. పొద్దున్నే తూచి ఇలా పంచిపెట్టండి:

నాలుగు పూటలకు గిన్నెలో పోయడానికి 25 గ్రాముల చొప్పున నాలుగు చిన్న డబ్బాలు, మొత్తం 100 గ్రాములు.
శిక్షణకు చేత్తో పెట్టే గింజలు 50 గ్రాములు.
లోపల బోలుగా ఉండే రబ్బరు బొమ్మలో కూరి పెట్టడానికి 20 గ్రాములు.
చికెన్ 40 గ్రాములు, ఫ్రిజ్‌లో.

డబ్బాలు ఖాళీ అయ్యాయంటే ఆ రోజు తిండి అయిపోయినట్టే. పగలు ఎవరు ఎంత పెట్టారన్న వాదన ఇంట్లో రాదు.

వేళ తప్పకపోతే సగం టాయిలెట్ ట్రైనింగ్ అయిపోయినట్టే

మూడు నెలల దాకా రోజుకు నాలుగు పూటలు, ఆరు నెలల దాకా మూడు, తరువాత రెండు. ఆరున్నరకు, పదకొండున్నరకు, నాలుగున్నరకు, రాత్రి ఎనిమిదింటికి అనుకుందాం. వేళలు మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి గానీ, మార్చుకున్నాక అరగంటకు మించి అటూ ఇటూ కానివ్వకండి.

ఎందుకంటే, తిండి పొట్టలో పడగానే పెద్దపేగు కదలడం మొదలవుతుంది. తిన్న ఐదు నిమిషాల నుంచి అరగంట లోపల పిల్ల రెంటికి వెళ్తుంది. వేళకు లోపలికి పోయింది వేళకు బయటికి వస్తుంది. గిన్నె రోజంతా నేల మీద ఉంటే ఎప్పుడు తిన్నదో మీకు తెలియదు, ఎప్పుడు వెళ్తుందో అంతకన్నా తెలియదు. సోఫా వెనక తడి కనపడిన ప్రతిసారీ పిల్లను కొట్టడం తప్ప చేసేదేం ఉండదు. అలా కొడితే అది నేర్చుకునేది ఒక్కటే: మనుషులు చూస్తుండగా వెళ్లకూడదని. తరువాత బయటికి తీసుకెళ్లినా మీ ముందు వెళ్లదు, ఇంటికొచ్చి మంచం కింద వెళ్తుంది.

క్రమం ఇది. నిద్ర లేవగానే ఎత్తుకుని దాని చోటికి తీసుకెళ్లండి. ఒంటికి వెళ్లాక లోపలికి తెచ్చి తిండి పెట్టండి. తిన్న పది నిమిషాలకు మళ్లీ అక్కడికే తీసుకెళ్లి, మాట్లాడకుండా, ఫోన్ చూడకుండా, ఐదారు నిమిషాలు నిలబడండి. పని పూర్తి కాగానే అక్కడే, నిలబడ్డచోటే ఒక చికెన్ ముక్క పెట్టండి. ఇంట్లోకి వచ్చాక పెట్టే ముక్క ఇంట్లోకి వచ్చినందుకే అని దాని లెక్క. అందుకని జేబులో మూడు ముక్కలు లేకుండా గడప దాటొద్దు.

టీకాలు పూర్తికాని పిల్లను వీధి కుక్కలు తిరిగే మట్టిలో, పార్కు గడ్డిలో దించకూడదు. నెత్తుటి విరేచనాలు పట్టించి కుక్కపిల్లల ప్రాణం తీయగల పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో ఉంటే బాల్కనీలో ఒక ట్రే పెట్టి అందులో పాత పేపర్లు గానీ, గడ్డి చాప గానీ పరవండి. అక్కడ కూడా ముక్క మామూలే. తిండి గిన్నె మాత్రం ఆ ట్రేకు వీలైనంత దూరంగా ఉండాలి, తినేచోట వెళ్లడం కుక్కలకు ఇష్టం ఉండదు.

రాత్రి పక్క తడుపుతోందని సాయంత్రం నుంచే నీళ్లు తీసేసేవాళ్లున్నారు. మన ఎండల్లో ఆ పని చేయకండి. నీళ్లు ఎప్పుడూ ఉండాలి, రాత్రి పదకొండింటికి మీరే ఇంకోసారి బయటికి తీసుకెళ్లాలి. ఏప్రిల్, మే నెలల్లో పదకొండున్నర పూటను పదికి జరపండి, మధ్యాహ్నం వేడికి పిల్లలు సరిగా తినవు. నానబెట్టిన గింజలైనా, అన్నమైనా అరగంట దాటితే తీసి పారేయండి.

చేత్తో మొదటి పాఠం

ఒక పాఠానికి రెండు మూడు నిమిషాలు చాలు, పది పదిహేను గింజలు చాలు. రోజుకు నాలుగైదు పాఠాలు, ప్రతిదీ పూటకు పావుగంట ముందు. అప్పటికి ఆకలి మొదలై ఉంటుంది గానీ నకనకలాడదు. మరీ ఆకలి మీదున్న పిల్ల చేతిని కొరుకుతుంది, మొరుగుతుంది, ఏదీ ఎక్కించుకోదు. పొమరేనియన్, చివావా లాంటి చిన్న జాతి పిల్లల్ని శిక్షణ పేరుతో పస్తు పెట్టడం ప్రమాదం కూడా. వాటి ఒంట్లో చక్కెర నిల్వ తక్కువ. ఎక్కువసేపు తిండి లేకపోతే వణుకుతూ, తూలుతూ పడిపోవచ్చు. అలా అయితే చిగుళ్లకు కాస్త తేనె రాసి వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.

మొదటి రోజు ఏమీ నేర్పొద్దు. "ఎస్" అనండి, ఒక సెకను లోపల గింజ పెట్టండి. మళ్లీ "ఎస్", మళ్లీ గింజ. అలా పదిసార్లు. రెండు పూటలు గడిచేసరికి ఆ మాట వినగానే పిల్ల చెవులు నిక్కబొడుస్తుంది. ఇక ఆ మాట మీ చేతిలో కెమెరా క్లిక్ లాంటిది. పిల్ల సరైన పని చేసిన క్షణాన్ని అది పట్టుకుంటుంది, తిండి రెండు సెకన్లు ఆలస్యమైనా ఫరవాలేదు.

ఇప్పుడు కూర్చోబెట్టడం. మీరు నేల మీద మోకాళ్ల మీద కూర్చోండి. బొటనవేలికీ, రెండు వేళ్లకూ మధ్య గింజ పట్టుకుని పిల్ల ముక్కుకు ఆనేంత దగ్గర పెట్టండి. ముక్కు గింజకు అతుక్కున్నాక చేతిని మెల్లగా పైకి, వెనక్కి, రెండు చెవుల మధ్యకు జరపండి. ముక్కు పైకి లేస్తే నడుము కిందికి దిగుతుంది. పిర్రలు నేలకు తగిలిన క్షణమే "ఎస్", వెంటనే గింజ. పిల్ల ముందుకాళ్లు ఎత్తి ఎగురుతుంటే చేయి మరీ పైన ఉందన్నమాట, ముక్కుకు అరంగుళం దాటనివ్వకండి. వెనక్కి వెనక్కి నడుస్తుంటే చేయి వేగంగా వెళ్తోంది, లేదా జాగా ఎక్కువుంది. గోడ మూలకు పిల్ల వీపు ఉండేలా చూసుకుని మళ్లీ చేయండి.

ఐదుసార్లు గింజతో చేశాక ఆరోసారి ఖాళీ చేత్తో అదే కదలిక చేయండి, గింజ రెండో చేతిలోంచి ఇవ్వండి. ఈ మెట్టు దాటేసినవాళ్ల కుక్కలే పెద్దయ్యాక చేతిలో ఏముందో చూసి గానీ కూర్చోవు. ఖాళీ చేతికి కూడా తడుముకోకుండా కూర్చుంటున్నప్పుడు మాట కలపండి: ముందు "కూర్చో", ఒక సెకను ఆగి చేతి సైగ. రెండూ ఒకేసారి చేస్తే పిల్ల చేతినే చూస్తుంది, మాట దాని చెవిన పడదు. "సిట్" అంటారా, "కూర్చో" అంటారా మీ ఇష్టం. ఇంటిల్లిపాదీ ఒకటే అనాలి. అమ్మ "దా", నాన్న "కమ్", పిల్లలు "రారా" అంటుంటే పిల్లకు అవి మూడు వేరు వేరు మాటలు.

గింజ తీసుకునేటప్పుడు పళ్లు తగులుతుంటే పిడికిలి మూసేయండి, చేయి వెనక్కి లాక్కోవద్దు. లాక్కుంటే అది వెంటపడే ఆట అయిపోతుంది. మూసిన పిడికిలిని కొరుకుతుంది, గోకుతుంది, నాకుతుంది. పళ్లు ఆగి నాలుక మాత్రమే తగిలినప్పుడు అరచేయి తెరిచి పెట్టండి. ఇంట్లో చిన్న పిల్లలుంటే వేళ్లతో ఇవ్వనివ్వకండి, గుర్రానికి పెట్టినట్టు చాచిన అరచేతి మీద పెట్టి ఇవ్వమనండి.

పిలిస్తే రావడం సాయంత్రపు ఆట. హాల్లో ఇద్దరు ఆరడుగుల దూరంలో కూర్చుని మార్చి మార్చి పేరు పెట్టి పిలవాలి, వచ్చినప్పుడల్లా చికెన్ ముక్క. రోజుకు ఇరవై పిలుపులు చాలు. వారానికి దూరం పెంచండి, తరువాత వేరే గదిలోంచి పిలవండి. తిట్టడానికి, స్నానానికి, మందు వేయడానికి మాత్రం పేరు పెట్టి పిలవకండి, మీరే వెళ్లి తీసుకురండి. ఆ పిలుపు ఒకరోజు రోడ్డు మీద లారీకి అడ్డం వెళ్తున్న కుక్కను ఆపాల్సిన పిలుపు.

గిన్నె దగ్గర

గిన్నెతో నేర్పేది ఓపిక. గిన్నెను పిల్ల తల ఎత్తు నుంచి కిందికి దించుతూ రండి. మీదికి ఎగిరితే గిన్నె పైకి పోతుంది. నాలుగు కాళ్లూ నేల మీదుంటే కిందికి వస్తుంది. మాట అక్కర్లేదు, గిన్నె కదలికే మాట. నాలుగైదుసార్లు పైకీ కిందికీ అయ్యాక పిల్ల దానంతట అదే కూర్చుంటుంది. గిన్నె నేలకు తగిలాక ఒక్క సెకను ఆగి "తిను" అనండి. వారం గడిచేసరికి ఐదు సెకన్లు చాలు. నిమిషాల తరబడి చొంగ కార్చుకుంటూ కూర్చోబెట్టి వీడియో తీయడం శిక్షణ కాదు, ఆ కసి తిండి మీదికి మళ్లుతుంది.

పెట్టిన గిన్నె పదిహేను నిమిషాలకు తీసేయండి, మిగిలినా సరే. మిగిలినవి పొడి గింజలైతే తరువాతి పాఠానికి వాడుకోవచ్చు.

ఇక తింటున్న పిల్ల గిన్నెలో చేయి పెట్టి కెలకడం, మధ్యలో గిన్నె లాక్కోవడం. "యజమాని ఎవరో దానికి తెలియాలి" అంటూ చాలామంది ఈ సలహా ఇస్తారు. దయచేసి వినకండి. అన్నం తింటున్న మనిషి కంచంలో ఎవరైనా చేయి పెడితే ఏమనిపిస్తుందో పిల్లకూ అదే అనిపిస్తుంది. రోజూ అలా చేస్తే మనిషి అడుగుల చప్పుడుకే అది బిగుసుకుపోతుంది. చేయాల్సింది దీనికి తలకిందులు. పిల్ల గింజలు తింటుండగా నాలుగడుగుల దూరంలో నడుస్తూ గిన్నె వైపు ఒక చికెన్ ముక్క విసిరి వెళ్లిపోండి. పూటకు రెండు మూడుసార్లు. మీ అడుగు వినగానే తల ఎత్తి తోక ఊపుతున్నప్పుడు రెండడుగుల దూరానికి, ఆ తరువాత గిన్నె పక్కకు. మనిషి వస్తే గిన్నెలోకి ఇంకా మంచిది వస్తుందని దానికి అర్థమయ్యాక, ఎప్పుడైనా నిజంగా గిన్నె తీయాల్సి వచ్చినా గొడవ ఉండదు.

ఒళ్లు గట్టిపడటం, మీరు దగ్గరకొస్తే ఇంకా గబగబా మింగడం, తల గిన్నెలోనే ఉంచి కళ్లు పక్కకు తిప్పి తెల్లగుడ్డు కనిపించేలా చూడటం: ఇవి గుర్రుమనడానికి ముందొచ్చే గుర్తులు. అవి కనిపిస్తే ఒకడుగు వెనక్కి వెళ్లి పాత దూరం నుంచి మళ్లీ మొదలుపెట్టండి. గుర్రుమంటే తిట్టొద్దు, కొట్టొద్దు. గుర్రు అనేది హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పించిన కుక్క ఆ తరువాత హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

నానమ్మ డబ్బా

పద్ధతులన్నీ చెడేది భోజనాల దగ్గరే. తాతయ్య టీలో ముంచి సగం బిస్కట్ ఇస్తారు. నానమ్మ "పాపం, చూస్తోంది" అంటూ పెరుగన్నం ముద్ద కింద పెడుతుంది. వాళ్ల ప్రేమను తప్పు పట్టాల్సిన పనిలేదు, వద్దన్నా ఆగరు. కాబట్టి పొద్దున్నే 50 గ్రాముల శిక్షణ గింజల్లోంచి పది గ్రాములు తీసి చిన్న మూత డబ్బాలో వాళ్ల చేతికివ్వండి. "నానమ్మా, ఇది మీ వాటా, కూర్చుంటేనే పెట్టండి" అనండి. వారం తిరిగేసరికి ఇంట్లో అందరికన్నా ఆవిడ మాటే ఎక్కువ వింటుంది.

బిస్కట్ లెక్క కూడా చెప్పి చూడండి. ఐదు గ్రాముల గ్లూకోజ్ బిస్కట్‌లో ఇరవైకి పైగా కేలరీలుంటాయి. కిలో బరువున్న పొమరేనియన్ పిల్లకు రోజంతటికీ కేటాయించిన రుచుల వాటా అంతే. ఒక్క బిస్కట్‌తో సరి.

భోజనాల బల్ల నుంచి పిల్లకు ఏదీ వెళ్లకూడదు. అందరూ తినే వేళకు ఆ రబ్బరు బొమ్మ పనికొస్తుంది. 20 గ్రాముల గింజల్ని గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, బొమ్మలో కూరి, రెండు గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. మీరు కూర్చునేటప్పుడు దాని చాప మీద ఇవ్వండి. పావుగంట, ఇరవై నిమిషాలు నాకుతూ ఉంటుంది. ఇదివరకే అడుక్కోవడం అలవాటైన పిల్ల, మీరు ఇవ్వడం మానేయగానే మొదటి రెండు మూడు రోజులు ఇంకా ఎక్కువ అరుస్తుంది. అరుపు తగ్గబోయే ముందు పెరగడం మామూలే. పది అరుపులు ఓర్చుకుని పదకొండో అరుపుకు ముద్ద వేశారంటే, పదకొండుసార్లు అరవాలని నేర్పినట్టు.

మన వంటింట్లో ప్రమాదాలు

చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వాడే జైలిటాల్ విషం అని చాలామందికి తెలుసు. ఉల్లి, వెల్లుల్లి గురించి తెలిసినా పట్టించుకోరు. పచ్చివైనా, వేయించినవైనా, పొడి అయినా ఇవి కుక్క రక్తంలోని ఎర్రకణాల్ని పగలగొడతాయి. కూర కలిపిన ముద్దలో ఉల్లిపాయ లేకుండా ఉండదు, బిర్యానీ మసాలాలో అయితే చెప్పనే అక్కర్లేదు. చింతపండు ఇంకోటి. ద్రాక్షలో కుక్కల మూత్రపిండాల్ని దెబ్బతీసేది టార్టారిక్ ఆమ్లమని పశువైద్యులు గట్టిగా అనుమానిస్తున్నారు, అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది. పులిహోర, చారన్నం పెట్టకండి. ఉడికిన కోడి ఎముకలు పుల్లల్లా చీలి పేగుల్ని చీల్చగలవు. వేసవిలో మామిడి టెంక మింగి పేగుకు అడ్డుపడి ఆపరేషన్ దాకా వెళ్లే కుక్కలుంటాయి, చెత్తబుట్టకు మూత ఉండాలి.

ట్రీట్లుగా పనికొచ్చేవి మన ఇంట్లోనే ఉన్నాయి. ఉప్పు, కారం వేయకుండా ఉడికించిన చికెన్, ఉడికిన గుడ్డు, క్యారెట్, చిలగడదుంప, గింజ తీసిన పుచ్చకాయ. ఉప్పు లేని మరమరాలు బరువే ఉండవు కాబట్టి తేలిక పాఠాలకు బాగుంటాయి. కార్జం వాసనకు పిల్లలు పడిచస్తాయి, కష్టమైన పాఠాలకు దాచుకోండి. అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ, కాబట్టి వారానికి రెండు రోజులు, నాలుగైదు చిన్న ముక్కలు దాటనివ్వకండి. ఏ కొత్త వస్తువైనా మూడు రోజులకు ఒకటే చొప్పున మొదలుపెట్టాలి. ఒకేరోజు నాలుగు రకాలు పెట్టి విరేచనాలు పట్టుకుంటే దేనివల్లో తేల్చలేరు.

ఇంటి తిండి పెట్టేవాళ్లకు

పాలన్నం, పెరుగన్నంతో కుక్కపిల్ల బతుకుతుంది గానీ సరిగా ఎదగదు. ఎదిగే పిల్లకు కావాల్సినన్ని మాంసకృత్తులు అందులో ఉండవు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర చాలా పిల్లలకు అరగక విరేచనాలు పట్టుకుంటాయి, అప్పుడు టాయిలెట్ వేళలన్నీ తారుమారు. ఒట్టి చికెన్, అన్నం కూడా నెలల తరబడి చాలదు. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఇంటి తిండే పెట్టాలనుకుంటే పిల్ల బరువు, జాతి చెప్పి పశువైద్యుడితో కొలతలు రాయించుకోండి.

శిక్షణ వరకు ఇంటి తిండితో చిక్కేమిటంటే, అన్నం ముద్ద చేత్తో ముక్క ముక్కగా ఇవ్వలేం. దానికి ఉపాయం: ఆ రోజుకు వండిన చికెన్‌ను అన్నంలో కలపకముందే మూడో వంతు తీసి ముక్కలు కోసి పక్కన పెట్టండి. మిగతాది అన్నంతో బాగా మెదిపి గిన్నెలో పెట్టండి, ముక్కలు ఏరుకోవడానికి వీలివ్వకండి. ఇక్కడ చికెన్ రోజు తిండిలో భాగమే కాబట్టి పదోవంతు లెక్క దీనికి వర్తించదు.

కంపెనీ పప్పీ ఫుడ్ పెడుతూ పైన కాల్షియం సిరప్ పోయడం మన దగ్గర ఇంటింటి అలవాటు. ఎముకలు గట్టిపడతాయని షాపువాళ్లు అంటగడతారు. పూర్తి పోషకాహారం అని రాసిన పప్పీ ఫుడ్‌లో కావాల్సిన కాల్షియం ఉంటుంది. ల్యాబ్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతి పిల్లలు అదనపు కాల్షియం ఒంటికి పట్టకుండా ఆపుకోలేవు, ఎముకలు వంకరపోవచ్చు. డాక్టర్ రాస్తే తప్ప పోయకండి. వీటికి ప్యాకెట్ మీద పెద్ద జాతి పిల్లలకని రాసి ఉన్నదే తీసుకోండి.

కుక్కర్ విజిల్, మిక్సీ, టపాసులు

మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా పిల్ల మెదడు కొత్తవాటిని తేలిగ్గా ఒప్పుకుంటుంది. పిల్ల మీ ఇంటికి వచ్చేసరికి అందులో సగం అయిపోతుంది. మిగిలిన ఆరు వారాల్లో చికెన్ ముక్కలు ఎక్కువ ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. కుక్కర్ విజిల్ వేసింది, వెంటనే ముక్క. మిక్సీ తిరిగింది, తిరుగుతున్నంతసేపూ ముక్కలు, ఆగగానే ముక్కలూ ఆగాలి. ఎత్తుకుని వీధి గుమ్మంలో నిలబడండి: ఆటో పోయింది ముక్క, హెల్మెట్ పెట్టుకున్న మనిషి వచ్చాడు ముక్క.

వరస తప్పితే ఫలితం తిరగబడుతుంది. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ అందుకున్నాడు. ఆయన కుక్కలకు ముందు మెట్రోనోమ్ (సంగీతంలో తాళం లెక్కకు వాడే పరికరం) టిక్‌టిక్ వినిపించాక తిండి పెట్టేవారు. కొన్నాళ్లకు ఆ చప్పుడుకే వాటికి చొంగ ఊరింది. చప్పుడు ముందు, తిండి వెనక. మీరు ముందు ముక్క చూపించి ఆ వెంటనే మిక్సీ వేస్తే, చికెన్ కనిపించినప్పుడల్లా ఏదో భయంకరమైనది రాబోతోందని నేర్చుకుంటుంది. ముక్క వాసనకే మంచం కిందికి దూరే కుక్కలు ఇలాగే తయారవుతాయి. భయపడి తినడమే మానేస్తే చప్పుడు మరీ దగ్గరగా ఉందని అర్థం, రెండు గదుల అవతలికి తీసుకెళ్లి మొదలుపెట్టండి. ఇంజెక్షన్ రోజున డాక్టర్ బల్ల మీద కూడా ఇదే పద్ధతి. సూది వేస్తున్నంతసేపూ కార్జం నాకించండి.

తినకపోతే, మరీ తింటే

గింజల్లో చికెన్ కలిపితే చికెన్ ఏరుకుని గింజలు వదిలేస్తుంది. పాపం తినలేదని గంటకోసారి ఇంకేదో కలిపి బతిమాలుతూ తినిపిస్తే, తినకుండా కూర్చుంటే మంచిది వస్తుందని మీరే నేర్పినట్టు. ఆరోగ్యంగా గెంతుతున్న పిల్ల ఒక పూట వదిలేస్తే గిన్నె తీసేసి తరువాతి పూట అదే పెట్టండి. కానీ వరసగా రెండు పూటలు ముట్టకపోయినా, నీరసంగా పడుకున్నా, వాంతులు, నెత్తుటి విరేచనాలు అవుతున్నా అది మొండితనం కాదు. అదే రోజు డాక్టర్‌కు చూపించండి, పార్వో అయితే గంటలు కూడా ముఖ్యమే. ఎంత పెట్టినా ఆకలంటూ, పొట్ట మాత్రం బానలా ఉంటే నులిపురుగుల మందు వేయించారో లేదో చూసుకోండి. మూడు నెలల దాకా రెండు వారాలకోసారి అది పడాలి.

పాత తిండి నుంచి కొత్త తిండికి ఏడు రోజుల్లో మారండి: రెండు రోజులు పావు వంతు కొత్తది, రెండు రోజులు సగం, రెండు రోజులు ముప్పావు, ఏడో రోజు మొత్తం. తెచ్చిన మొదటి వారం ఏమీ మార్చకండి, అమ్మినవాళ్లు పెట్టిందే పెట్టండి.

ప్రతి ఆదివారం పిల్లను ఎత్తుకుని వేయింగ్ మెషీన్ ఎక్కి, మీ బరువు తీసేసి రాసుకోండి, కేలరీల లెక్క మళ్లీ వేయండి. నాలుగు నెలలకు పదిహేను కిలోలైతే రెండు రెట్ల లెక్కన 1,070 కేలరీలు, దాదాపు 290 గ్రాములు. తరువాత పక్కటెముకలు తడమండి. మీ చేతిని చాచి వెనకవైపు కణుపుల కింద తడిమితే ఎముకలు ఎలా తగులుతాయో, పిల్ల పక్కటెముకలు అలా తగలాలి. పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా పొడుచుకొస్తే పదోవంతు పెంచండి. అరచేయిలా మెత్తగా ఉంటే పదోవంతు తగ్గించండి, ఆ తగ్గించేది గిన్నె డబ్బాల్లోంచి, శిక్షణ గింజల్లోంచి కాదు.

ఆరు నెలలు దాటి, హాల్లో పదిసార్లు చెబితే పదిసార్లూ కూర్చుంటున్నప్పుడు ప్రతిసారీ గింజ ఇవ్వడం మానండి. ఒకసారి రెండోదానికి, ఒకసారి ఐదోదానికి, ఒకసారి మొదటిదానికే మూడు ముక్కలు కలిపి. ఎప్పుడొస్తుందో తెలియని ముక్క కోసం కుక్క ఇంకా చురుగ్గా పనిచేస్తుంది. మెట్ల మీద, గేటు బయట, వేరే కుక్క కనిపించినప్పుడు మాత్రం అది కొత్త పాఠమే. అక్కడ రెండు నెలల పిల్లకు ఇచ్చినట్టే ప్రతిసారీ ఇవ్వండి, చికెనే ఇవ్వండి.